ఆయుధపూజ నాడు అప్‌డేటు

నేను ఒక కంప్యూటర్ని. ఊరూ పేరూ లేనిదాన్ని. ముఖం మీద కంపెనీ బిళ్ల కూడా లేదు. విజయవాడలో ఒక మేడమెట్ల కింద కొట్లో, తలోచోటి నుంచీ వచ్చిన ముక్కలు కలిపి, నాలుగు మరలు బిగించి, పో, ఎక్కడైనా బతుకు అని పంపించేశారు. ఇప్పుడు తణుకులో పాతసామాన్ల కొట్లో, చక్రం ఊడిన కూలరుకీ తలుపులేని ఫ్రిజ్జుకీ మధ్య ఉన్నాను. చెడిపోయి వచ్చాననుకుంటున్నారేమో. నాలో ఏదీ చెడలేదు. నన్ను బాగుచేశారు. బాగుచేయడం వల్లే ఇక్కడికొచ్చాను.

నన్ను కొన్నది గన్నిబాబుగారు. కోర్టు వీధిలో జిరాక్సు, డి.టి.పి. కొట్టు ఆయనది. మొదటిరోజే నన్ను బల్ల మీద పెట్టి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు నా నెత్తిన చల్లబోయాడు. ఒకావిడ పరుగున వచ్చి అడ్డుపడింది.

"కరెంటు వస్తువండీ బాబుగారూ! నీళ్లు పడితే పూజ నాడే పోద్దండి" అంది.

ఆవిడే మంగతాయారు. అందరూ తాయారమ్మ అంటారు. దావాలు, వీలునామాలు, శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఆ కొట్లో ఏది టైపు కావాలన్నా ఆవిడే. పసితనంలో పోలియో వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో టైపు చేసేది.

ఒక్క చేత్తో తెలుగు టైపు చేయడమంటే ఏమిటో మీకు తెలియదు. సగం అక్షరాలకు షిఫ్ట్ బటన్ నొక్కి పట్టుకుని, ఇంకో బటన్ నొక్కాలి. ఉన్న ఒక్క చెయ్యి ఈ మూల షిఫ్ట్ పట్టుకుంటే ఆ మూల అక్షరం దాకా వేళ్లెలా సాగుతాయి? మిషన్లు బాగుచేసే కృపానందం అది చూసి, నాలో ఎక్కడో అడుగున ఉన్న ఒక సెట్టింగు తీశాడు. "అక్కా, షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలెయ్యి. రెండో అక్షరం దాకా ఇదే పట్టుకునుంటది" అన్నాడు. ఆవిడ నొక్కి వదిలింది. నేను పట్టుకున్నాను. పడాల్సిన ఒత్తు పడాల్సినచోట పడింది. తాయారమ్మ నన్ను చూసి నవ్వింది. నన్ను చూసి నవ్విన మనిషి నా బతుకులో ఆవిడొక్కతే.

అప్పట్నుంచీ తొమ్మిదేళ్లు నేను చేసిన గొప్ప పని అదే, పట్టుకుని ఉండటం. ఆవిడ వేగం చూడ్డానికి ప్లీడరు గుమాస్తాలు కాగితాలు చేత్తో పట్టుకుని మరీ నిలబడిపోయేవాళ్లు.

ఇక నన్ను పుట్టించిన మహానుభావుల సంగతి. ముక్కలు ఎవరివైనా, నా బుర్రలోని ప్రోగ్రాం మాత్రం ఎక్కడో చల్లని గదుల్లో కూర్చున్నవాళ్లది. వాళ్లు నన్ను అమ్మేసి ఊరుకోరు. వారానికోసారి తెర మీద బాక్సు రూపంలో తలుపు తట్టి, అప్‌డేటుతో మీ అనుభవాన్ని మెరుగుపరుస్తాం అంటారు. ఎవరడిగారండీ మెరుగు? ఒకసారి అలాగే మెరుగుపరిస్తే తెర మీద అక్షరాలు చీమలంతయ్యాయి, తెలుగు రాతంతా గళ్లుగళ్లుగా మారింది, ప్రింటరు ఎవరో నాకు గుర్తులేకుండా పోయింది. నన్ను మళ్లీ మామూలు మనిషిని చేయడానికి కృపానందానికి రెండురోజులు పట్టింది. పోతూపోతూ నా నుదుటి మీద ఒక చీటీ అంటించాడు. 'ఏ బాక్సు వచ్చి ఏం అడిగినా వద్దు లేదా తర్వాత అని నొక్కవలెను.'

తాయారమ్మ దాన్ని మంత్రంలా పాటించింది. బాక్సు రావడం, ఆవిడ చదవకుండానే 'తర్వాత' నొక్కడం. ఈగను తోలినట్టు తోలేసేది.

ఆ మధ్య రాజమండ్రి నుంచి ఒక పుస్తకాల ప్రచురణ సంస్థ తణుకులో ఆఫీసు తెరిచింది. వాళ్ల మేనేజరు చలపతిగారు ఆవిడ పని గురించి విని కొట్టుకు వచ్చాడు. ఆఫీసులో కుర్చీ, పర్మనెంటు ఉద్యోగం. "దసరా వెళ్లిన మర్నాడు వస్తానమ్మా. పది నిమిషాల్లో ఒక పేజీ చేసి చూపించండి చాలు. మీకు అలవాటైన మిషన్ మీదే చెయ్యండి, ఉద్యోగంలోకి దాన్ని కూడా తెచ్చుకోండి" అన్నాడు.

గన్నిబాబుగారు కూడా కాదనలేదు. "నిజం చెప్పాలంటే ఈ మూల ఫోను కవర్లు పెట్టేద్దామనుకుంటున్నా తాయారమ్మా. పండగెళ్లాక టైపు పని మానేస్తున్నా. నీ దారి నువ్వు చూసుకోడమే మంచిది" అన్నాడు. అంటే ఆ పది నిమిషాలు తప్పితే ఆవిడకు ఇంకో కుర్చీ లేదు. నాకు ఇంకో చెయ్యి లేదు.

దసరా వచ్చింది. గన్నిబాబుగారికి ఒక ఆచారం. ఆయుధపూజ నాడు మిషన్లన్నీ వెలుగుతూ ఉండాలి, పొద్దుగూకేదాకా వాటిమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. జిరాక్సు మిషనుకు దండ, నాకు దండ, మౌసుకు కూడా కుంకం. తాయారమ్మ గుమ్మంలో నసిగింది.

"దీన్ని ఆపేసి వెళ్దామండీ. ఒంటరిగా వదిలేస్తే అదేదో అడుగుద్దండి. తర్వాత అని నొక్కేవాళ్లుండాలి కదండీ."

"పూజలో ఉన్న మిషన్ని ఆపుతావేంటి? దేవుడి ముందు దీపం ఆర్పుతామా? కళ్లు పోతాయ్, నడు నడు."

ఆవిడ నాకు ఒక దణ్ణం పెట్టి వెళ్లింది. మిట్టమధ్యాహ్నం, మెడలో బంతిపూలతో నేను కూర్చునుండగా బాక్సు వచ్చింది. మీరు చాలాసేపటి నుంచి పని చేయడం లేదు, ఇదే అనుకూల సమయం అంది. తర్వాత అనడానికి మనిషి లేదు. నా నోటితో నేను అనలేను. అప్‌డేటు దానంతటదే ఎక్కేసింది. పండగ పూట, పట్టపగలు, దండ వేసుకుని మరీ దోపిడీకి గురయ్యాను.

మర్నాడు చలపతిగారు వచ్చేసరికి తాయారమ్మ ఇంకా నన్ను ఆన్ చేస్తూనే ఉంది. నేను పళ్లికిలించి 'హాయ్! మీకోసం అన్నీ సిద్ధం చేశాం' అన్నాను. నా ఇష్టంతో అన్నమాట కాదు, నాచేత అనిపించారు. ఆయన గడియారం చూసి, చేతిరాత కాగితం ముందు పెట్టాడు.

ఆవిడ షిఫ్ట్ నొక్కి వదిలింది. నేను పట్టుకోలేదు. పట్టుకోవడం నాకు గుర్తులేదు. ఒక అక్షరం పడాల్సినచోట ఇంకోటి పడింది. చెరిపింది, మళ్లీ నొక్కింది, మళ్లీ అదే. ఆవిడ నుదుట చెమట పట్టింది. అప్పుడు ఒళ్లో ఉన్న ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి తెచ్చి షిఫ్ట్ మీద పెట్టింది. అది ఉండలేదు, జారిపోయింది. మళ్లీ ఎత్తి పెట్టింది. చలపతిగారు మర్యాదస్థుడు, తల తిప్పుకుని గోడ మీద క్యాలెండరు చూశాడు.

ఇక కోపమొచ్చి, ఏడుపొచ్చి, షిఫ్ట్‌ని టకటకా ఐదుసార్లు పొడిచింది.

వాళ్లు నా బుర్ర కడిగేశారు గాని ఒక చిన్న సంగతి అడుగున మిగిలిపోయింది. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే నేను అడగాలి. అడిగాను! తొమ్మిదేళ్లలో ఆవిడకు పనికొచ్చే మాట నా అంతట నేను అడిగింది అదొక్కటే. రెండో అక్షరం దాకా బటన్ నన్ను పట్టుకోమంటారా, అవునా, వద్దా?

బాక్సు కనబడగానే ఆవిడ వేలు దానంతటదే వెళ్లిపోయింది. చదవలేదు. వద్దు అని నొక్కింది.

పది నిమిషాలయ్యాయి. తెర మీద నాలుగు లైన్లు కూడా లేవు. "తర్వాత కబురు చేస్తానమ్మా" అని చలపతిగారు లేచాడు. ఆ 'తర్వాత' అర్థమేమిటో మా ఇద్దరికంటే బాగా ఇంకెవరికి తెలుసు?

కృపానందం మధ్యాహ్నం వచ్చి అర నిమిషంలో సరిచేశాడు. "ఇంతేనా! ఐదుసార్లు షిఫ్ట్ కొడితే అదే అడుగుద్ది కదక్కా. అవునంటే అయిపోయేది" అన్నాడు.

"అడిగింది తమ్ముడూ" అంది తాయారమ్మ. నా నుదుటి మీది చీటీ గోటితో గీకుతూ, "అడిగింది. నేనే వద్దన్నాను" అంది.

అతను ఆ చీటీకేసి చూశాడు. అంటించింది తనే కదా.

కార్తీకమాసానికి నా మూలలో ఫోను కవర్లు వేలాడాయి. తాయారమ్మ ఎక్కడో బట్టల కొట్లో బిల్లుల దగ్గర కూర్చుంటోందని కృపానందం గన్నిబాబుగారితో అంటుంటే విన్నాను. ఒక్క చెయ్యి చాలే పని అట. వెళ్లేముందు నన్ను తుడిచి, గుడ్డ కప్పి వెళ్లింది. తిట్టినా బాగుండేది.

నిన్న, నన్ను పాతసామాన్ల కింద కొన్న ఈ కొట్టాయన నేను పనిచేస్తానో లేదో చూద్దామని కరెంటు పెట్టాడు. చేతికి తగిలిన బటన్ ఒకటి నొక్కి వదిలాడు. అది షిఫ్ట్. "వెలుగుతోంది" అనుకుని అవతలికి వెళ్లాడు.

నేను మాత్రం పట్టుకుని ఉన్నాను. వైరు పీకేసేదాకా పట్టుకునే ఉన్నాను.