మాటల పెట్టెకు కాపలా

వైరస్ అన్న మాట చెవిన పడితే చాలు, దుర్గాప్రసాద్‌కి పూనకం వచ్చేది. అరకు బజారులో అతనికి చిన్న కంప్యూటర్ షాపు. ఎవరైనా ప్రింటు కోసం ఫ్లాపీ తెస్తే, దాన్ని ఓ మూల రెండు వేళ్ళతో పట్టుకుని, ముందు పరీక్ష చేసి, పాసయితేనే పని మొదలుపెట్టేవాడు. శృంగవరపుకోట నుంచి కొండెక్కి వచ్చిన కొత్తలో ఇంత చాదస్తం ఉండేది కాదట. "నన్నయినా పరీక్ష చెయ్యకుండా ఇంట్లోకి రానిస్తారా?" అని భార్య ఎగతాళి చేసేది. అతను నవ్వేవాడు కాదు. అది నవ్వే విషయం కాదని అతని ఉద్దేశం.

అలాంటి మనిషికి రెండు వేల ఆరులో డుంబ్రిగుడ అవతల ఓ ఊళ్ళో ఉన్న పాత కంప్యూటర్ పెద్ద దిగులు తెచ్చిపెట్టింది. దాంట్లో ఉన్నది విండోస్ తొంభై ఎనిమిది. ఇక దాని బాగోగులు మేం చూడమని తయారుచేసిన కంపెనీయే చేతులు దులిపేసుకుంది. ఇంకెవరిదైనా అయితే "పాత సామాన్లవాడికి వేసెయ్యండి" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. కానీ అది భాను కంప్యూటర్.

భానుకి పదేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళూ చేతులూ మెడా ఆ పిల్ల చెప్పినట్టు వినవు. తల ఎప్పుడూ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది గనక అవునంటోందో కాదంటోందో పోల్చుకోవడం ఎవరితరమూ కాదు. నోట మాట రాదు. కుడిచెయ్యి ఒక్కటే కాస్త మాట వింటుంది. పట్నం నుంచి వచ్చి ఆ ఊళ్ళో కొన్నాళ్ళున్న ఒకావిడ, బడి పక్క గదిలో ఈ కంప్యూటర్ పెట్టించి, కీబోర్డు మీద రంధ్రాలు కోసిన అట్ట బిగించి, ఒక్కో రంధ్రం పక్కన ఒక్కో బొమ్మ అంటించింది. భాను పిడికిలితో రంధ్రంలో నొక్కితే స్పీకర్లోంచి ఆ మాట వినపడుతుంది. అన్నం, నీళ్ళు, నిద్ర, చలి, నొప్పి, అమ్మ, రా. అన్నీ తల్లి చిట్టెమ్మ గొంతుతో రికార్డు చేసిన మాటలే. భాను "అమ్మ" అని నొక్కితే, చిట్టెమ్మకి తన గొంతే తనని పిలిచినట్టుండేది. మొదటిరోజు ఆమె బెదిరిపోయింది గానీ, తర్వాత కాఫీ తోటలో పనిచేస్తూ కూడా ఆ పిలుపు కోసం చెవి ఇటే పడేసి ఉంచేది.

ఆవిడ వెళ్ళిపోయాక కంప్యూటర్ మంచిచెడ్డలు దుర్గాప్రసాద్ మీద పడ్డాయి. పైసా తీసుకునేవాడు కాదు. ఒకసారి తనే కొత్తగా "బాబు" అన్న మాట చేర్చాడు, తన కోసమే. స్కూటర్ చప్పుడు మలుపులో వినపడగానే భాను ఆ రంధ్రాన్ని దబదబా బాదేది. "బాబు, బాబు, బాబు" అని గదంతా మోగిపోయేది. పిల్లల్లేని మనిషి. ఆ పిలుపు వినడానికే రిపేరు లేని రోజుల్లో కూడా వచ్చేవాడు.

ఇక వైరస్ ఎలా వచ్చిందంటారా? పాటలతో వచ్చింది. సంతలో చవగ్గా దొరికే సీడీలు కొనుక్కొచ్చి, సాయంత్రాలు ఊరంతా ఆ గదిలో చేరి పాటలు వినేవారు. జనం చుట్టూ చేరితే భాను ముఖం వెలిగిపోయేది గనక చిట్టెమ్మా కాదనలేదు. కొన్నాళ్ళకి కంప్యూటర్ నీరసించింది. "నీళ్ళు" నొక్కితే "నీ" దగ్గరే ఆగిపోయింది. "చలి" అసలు పలకడం మానేసింది.

దుర్గాప్రసాద్ మొత్తం కాపీ తీసుకెళ్ళి తన షాపులోని కొత్త కంప్యూటర్లో పెట్టి చూశాడు. ఒక్క బొమ్మా పలకలేదు. ఆ మాటల ప్రోగ్రాం ఆ పాత పెట్టెలోనే బతుకుతుంది, మరెక్కడా బతకదు. అది రాసిన ఆ పట్నం ఆవిడ ఇప్పుడెక్కడుందో తెలీదు. ఈ పెట్టె పోతే పిల్ల గొంతు పోయినట్టేనని అర్థమై, అతనికి నిజంగా భయం వేసింది.

సరే, మంచి యాంటీవైరస్ ఎంచాలి. ఎంచడం మొదలుపెట్టాకగానీ ఆ పని ఎంత కష్టమో తెలీలేదు. కొత్తగా వచ్చినవేవీ తొంభై ఎనిమిది గడప తొక్కమన్నాయి. అది చూడగానే "మీ కంప్యూటర్ మార్చండి" అని ఉచిత సలహా ఇచ్చి తప్పుకున్నాయి. పాతది ఒకటి తేలిగ్గానే ఎక్కింది గానీ, దానికి కొత్త వైరస్‌ల ఆనవాళ్ళు అందడం ఆగిపోయింది. ఊళ్ళోకి ఈమధ్య వచ్చిన దొంగలెవరో తెలియని కాపలా ముసలివాడి బాపతు. ఇంకొకటి దొరికింది, మహా గట్టిది. ఎక్కింది, వైరస్‌లన్నిటినీ పట్టింది. కానీ అరవై నాలుగు ఎంబీ మెమరీలో మూడొంతులు అదే మింగి కూర్చుంది. చచ్చిపోయిన మాటలు బతికాయి గానీ, ఒక్కో మాట పలకడానికి ఒక యుగం. భాను "అమ్మ" అని నొక్కితే, చిట్టెమ్మ బిందెతో ఊటకి వెళ్ళిపోయాక ఖాళీ గదిలో "అమ్మ" అని వినపడేది.

దుర్గాప్రసాద్ మాత్రం గట్టిదానికే ఓటేశాడు. "కాస్త ఆలస్యమైతే అయింది, ముందు పెట్టె బతకాలి కదా? ఓపిక పట్టు భానమ్మా" అన్నాడు. వచ్చిన ప్రతిసారీ సీడీలో తెచ్చిన ఇంకో కొత్త ముక్క దానికి తగిలించేవాడు.

అప్పుడు మొదలైంది నొప్పి. అతను సీడీ పెట్టబోతే చాలు, భాను "నొప్పి" నొక్కేది. అతను మౌస్ పట్టుకుంటే నొప్పి. చిట్టెమ్మ పరుగెత్తుకొచ్చి కడుపు తడిమేది, కాళ్ళకి ఆముదం రాసేది. "ఎక్కడే? ఎక్కడ నొప్పెడతందే?" అని కన్నీళ్ళు పెట్టుకునేది. జ్వరం లేదు, వాపు లేదు. ఆసుపత్రిలోనూ ఏమీ తేల్లేదు.

తేల్చినవాడు భాను తాత గాసి. ఊరి పూజలు చేసేది అతనే. వైరస్ అంటే రోగమనీ, ఒకదాన్నుంచి ఇంకొకదానికి అంటుకుంటుందనీ దుర్గాప్రసాదే అతనికి విడమరిచి చెప్పి ఉన్నాడు. పెట్టెకి రోగం, పెట్టె ముందు కూర్చున్న మనవరాలికి నొప్పి. ఇందులో బోధపడనిదేముంది? చుట్టుపక్కల జబ్బు తిరుగుతుంటే ఆ ఊరు దారికి అడ్డంగా తాడు కడుతుంది. బయటివాళ్ళు లోపలికి రారు, బయటి సరుకు లోపలికి పోదు. గాసి అడవితీగకి మామిడాకులు కట్టి, పసుపునీళ్ళు చల్లి, ఆ గది గుమ్మానికి అడ్డంగా బిగించేశాడు. భానుని ఎత్తుకొచ్చి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాడు.

ఈ సంగతి తెలియక దుర్గాప్రసాద్ ఓ రోజు పొద్దున్నే సంచీతో దిగాడు. మలుపు తిరిగినా పిలుపు లేదు. గుమ్మం దగ్గర గాసి నిలబడి ఉన్నాడు.

"ఆగు బాబూ. గది కట్టీసినాం. నువ్వెల్లకూడదు."

"మందు తెచ్చింది నేనే కదా తాతా!"

"మందు తెచ్చినోడైనా బయటే ఉండాల. ఆ సంచీ కూడాను. అదీ బజార్లోంచి ఒచ్చిందే కదేటి?"

"మరి పిల్ల ఎలా మాటాడుతుంది?"

"మాటాడకపోతే పోనాది. గుంట బతికుంటే సాలు" అన్నాడు గాసి.

దుర్గాప్రసాద్‌కి కోపం రావలసింది, రాలేదు. కొన్నాళ్ళ కిందట పెట్టె బతికితే చాలని తనూ ఇంచుమించు అదే మాట అన్నాడు. వెళ్ళి అరుగు మీద భాను పక్కన కూలబడ్డాడు. ఆ పిల్ల కళ్ళు అతని మీదే ఉన్నాయి. ఊరడిద్దామని సంచీలోంచి కొత్త సీడీ తీశాడు. "ఇదిగో భానమ్మా, ఇది ఇంకా గట్టిది. తాతని ఒప్పించి..."

భాను కుడిచెయ్యి వచ్చి సంచీకి తగిలింది. సంచీ జారి కింద పడింది. చెయ్యి అదుపు తప్పిందనుకుని, తీసి మళ్ళీ పక్కన పెట్టాడు. ఈసారి ఆ చెయ్యి ఆగి, గురి చూసుకుని, బలమంతా పెట్టి నెట్టింది. సంచీ బురదలోకి పోయింది.

"ఏటే అది! బాబు సామాను!" అని చిట్టెమ్మ కసిరింది.

"ఉండు చిట్టెమ్మా" అన్నాడు దుర్గాప్రసాద్. "ఈ నొప్పి అనడం... నేను లేనప్పుడు కూడా అందా?"

చిట్టెమ్మ ఆలోచించింది. "మీరున్నప్పుడే ఎక్కువ బాబూ. మరి... తల దువ్వుతుంటే ఓపాలి అంది. కడుపు నిండినాక ఇంకో గరిటె అంబలి పోత్తే అంది. ఎందుకో నాకు తెల్దు."

అతనికి తెలిసింది. ఆ అట్ట మీది బొమ్మలన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. అడగడానికి మాటలున్నాయి, పిలవడానికి ఉన్నాయి. కాదనడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు. తనని పిలిపించుకోవడానికి "బాబు" చేర్చుకున్నాడు గానీ, తనని ఆపడానికి ఆ పిల్లకి ఒక మాట కావాలని తోచలేదు. ఉన్నవాటిలో అన్నిటికన్నా చేదైన మాటని ఏరుకుని, ఇన్నాళ్ళూ దాంతోనే బతిమాలుకుంది. దుర్గాప్రసాద్ అరుగు దిగి ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"తాతా, ఇది రోగం కాదు. నేను చేసే పని తనకి ఇష్టంలేదని చెబుతోంది. నాకే అర్థం కాలేదు."

గాసి మనవరాలి వంకా తాడు వంకా చూశాడు. "అయితే ఇప్పీమంటావా?"

దుర్గాప్రసాద్ లేవబోయి ఆగాడు. ఇన్నాళ్ళూ తను ఎంచుతున్న కాపలా అంతా పెట్టె లోపలే, పిల్ల మాటల నెత్తి మీద. అది గుమ్మం దగ్గరుంటే చాలదూ? "విప్పకు తాతా. ఆ తాడు అలాగే ఉండనీ. పిల్లని లోపలికి పంపు. సీడీలూ ఫ్లాపీలూ నావైనా సరే, ఎవరివైనా సరే, బయటే."

ఆ రోజు గట్టిదాన్ని తీసేశాడు. ముసలి కాపలావాడిలాంటి ఆ పాతదానితో మిగిలిన చెత్త ఊడ్పించి, దాన్నీ సాగనంపాడు. పాటలకి తన షాపులో పడున్న సీడీ ప్లేయర్ తెచ్చిస్తానంటే, ఊరు గొణుక్కుంటూనే ఒప్పుకుంది. పెట్టె తేలికపడింది. "నీళ్ళు" నొక్కితే నీళ్ళే వచ్చాయి, వెంటనే.

తర్వాత మైకు తీసి చిట్టెమ్మ ముందు పెట్టి, ఏ మాట కావాలో చెప్పాడు. ఆమె వెనక్కి జరిగింది.

"ఆ మాట నా గొంతుతోనా? పుట్టిన కాడ్నుంచీ అందరూ దాన్ని అన్నదదే కద బాబూ. ఇటు రావొద్దు, అది ముట్టొద్దు. మళ్ళీ నా నోటితో కూడానా?"

"అందరూ దానికి చెప్పేవాళ్ళే చిట్టెమ్మా. అది మనకి చెప్పడానికి లేదు."

చిట్టెమ్మ కూతుర్ని చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, మైకు దగ్గరికి వంగి, నెమ్మదిగా, స్పష్టంగా అంది. "ఒద్దు."

అట్టకి ఇంకో రంధ్రం కోశారు. భాను పిడికిలి రెండుసార్లు పక్కకి పోయి, మూడోసారి సరిగ్గా పడింది. ఇక చూడాలి సంబరం! మంచినీళ్ళిస్తే "ఒద్దు". దువ్వెన చూపిస్తే "ఒద్దు". ఆముదం సీసా కనపడగానే "ఒద్దు, ఒద్దు, ఒద్దు". నవ్వలేక చిట్టెమ్మ గోడకి చేరబడిపోయింది. "ఈ గుంట ఇంక నా మాటింటాదా బాబూ!" అంది. గాసి తాడులో జారిన ఆకుని సరిచేసి కట్టాడు.

పొద్దు వాలింది. కొండదారి మీద మంచు దిగకముందే అరకు చేరాలి. దుర్గాప్రసాద్ గుమ్మం బయట ఉన్న బురద సంచీ అందుకుని, లోపలికి తొంగిచూశాడు.

"మరి నేను వెళ్ళొస్తానే భానమ్మా."

పిడికిలి గాల్లోకి లేచింది, తడబడింది, అట్ట అంచుకి తగిలింది, మళ్ళీ లేచింది. ఈసారి దాన్లో ఆట లేదు. దుర్గాప్రసాద్ కదలకుండా చూస్తూ నిలబడ్డాడు.

"ఒద్దు."

సంచీ బయటే వదిలేసి, తాడు కింద నుంచి వంగి లోపలికి వచ్చి, అతను ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు.