హారతికి పెట్టిన వరస

నాకు అన్నిటికన్నా భయం ఒక్కటే. నా గొంతు ఎక్కడ వినపడితే అక్కడికి నా పిల్ల వెళ్ళిపోతుంది, అక్కడ నేను లేకపోయినా సరే.

ఆ భయం పెట్టింది గోపీకృష్ణ. అమలాపురంలో అతనికి పాటల స్టూడియో ఉంది. ఉయ్యాల పాటలు బాగా పాడతానని ఎవరో చెప్తే మా ముక్తేశ్వరం వచ్చేడు. "మీరూ, మా కంప్యూటరూ జోడీ అక్కా. మీరో చరణం పాడితే అదో చరణం కడుతుంది" అన్నాడు. నిజంగానే కట్టింది. నేను చందమామని పిలిస్తే, అది గోదారి మీద పడవని తెచ్చి జోలలో కలిపింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాన్ని, నాకూ ఓ జత దొరికిందని మురిసిపోయేను.

తర్వాత నన్ను పిలవడం మానేసేడు. పాటలు మాత్రం వస్తూనే ఉన్నాయి, నా గొంతుతోనే, నేనెన్నడూ పాడనివి. ఓ రోజు పక్కింటి జయమ్మగారి ఫోనులో అలాంటిదొకటి మోగింది. నా ఒళ్ళో ఏడుస్తున్న పిల్ల దిగిపోయి, పాక్కుంటూ వెళ్ళి, ఆ ఫోను పక్కనే పడుకుని నిద్రపోయింది. నేను పిలిస్తే తిరిగి చూడలేదు.

స్టూడియోకి వెళ్ళి తీసెయ్యమని బతిమాలేను.

"ఇప్పుడది మీ గొంతు కాదక్కా, మిషన్‌ది. మీరు లేకపోయినా పాడుద్ది. సంతోషించాలి గానీ!" అని నవ్వేడు.

ఆ నవ్వు కడుపులో పెట్టుకున్నాను.

నెల తిరక్కుండా అతనే వచ్చేడు. చెల్లెలు వాణికి కొత్తపేటలో శ్రీమంతమట. "ముసలాళ్ళు పాత వరసలో హారతి కావాలంటున్నారక్కా. మిషన్‌కి రావట్లేదు. మీరొక్కసారి పాడితే నేర్చేసుకుంటది."

"ఆయ్, దానికేం భాగ్యమండీ" అన్నాను.

మా అమ్మమ్మ వీరాయమ్మ చావు జరిగిన ఇళ్ళకెళ్ళి శోకం పెట్టేది. ఆవిడ గొంతెత్తితే వీధంతా ఏడ్చేది. ఆ వరసలో మంగళహారతి మాటలు పెట్టి మెల్లగా పాడేను. హాస్టళ్ళలో పెరిగిన గోపీకృష్ణకి ఏం తెలుస్తుంది? మిషన్‌కి అసలే తెలీదు. పైగా సన్నాయి కూడా జోడించి నాకే వినిపించింది.

"అబ్బ, ఒళ్ళు జలదరిస్తుందక్కా!" అన్నాడు.

జలదరించాలనే కదా.

శ్రీమంతానికి పిల్లని చంకనేసుకుని వెళ్ళేను. చేతినిండా గాజులతో వాణి పీట మీద కూర్చుంది. నా పిల్లని దగ్గరికి పిలిచి అరటిపండు ఒలిచి పెట్టింది. హారతి వెలిగించేరు. స్పీకరు అందుకుంది. రెండో చరణానికే వాళ్ళ నాయనమ్మ సత్యనారాయణమ్మగారి చేతిలో పళ్ళెం జారిపోయింది.

"ఎవరు పోయేరురా ఈ ఇంట్లో? కడుపుతో ఉన్న పిల్ల ముందు శోకం పెడతారా!"

ముత్తైదువులు ఒక్కొక్కరే లేచిపోయేరు. గోపీకృష్ణ స్పీకరు ఆపి నా మీదకొచ్చేడు. "ఏం పాడేవు నువ్వు?"

"నేనెక్కడ పాడేనండీ? అది నా గొంతు కాదన్నారుగా. మిషన్‌నే అడగండి."

అతని మొహం చూస్తే నా కడుపు నిండిపోయింది. ఇప్పటికీ తల్చుకుంటే నిండుతుంది.

కానీ వాణి అతన్ని చూడలేదు, నన్నే చూసింది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. అప్పట్నుంచీ సరిగా తినట్లేదంట. బిడ్డ కదులుతుందో లేదోనని తడుముకుంటూ కూర్చుంటుందంట. నన్ను ఆ గుమ్మం ఎక్కనివ్వరు.

గోపీకృష్ణ ఏమైపోయినా నాకక్కర్లేదు. మీరెవరైనా కొత్తపేట వైపు వెళ్తే, ఒక్కసారి వాణిని చూసి రండి. అన్నం తిందో లేదో అడగండి.