గాలి తగలకూడదు

అత్తగారు లోపలికి వెళ్లి గడియ వేసుకున్నాక, తలుపు సందుల్లో ఉన్ని కుక్కుతున్నప్పుడే కుంజెస్ గుండె పీచుపీచుమంది. కానీ ఆ మాట పైకి అంటే ఇంకేమైనా ఉందా! పోయినేడు ఇదే ఊటగదిలో అత్త చెమట పట్టించుకుంటుంటే, ఎలా ఉందో చూద్దామని తలుపు కాస్త ఓరగా తీసిన పాపానికి ఏడాది పొడుగునా అనుభవించింది. "చెమట ఒంటి మీద గాలి కొట్టించింది మా మహాతల్లి," అని అత్త స్పల్జెస్ కనబడిన వాళ్లందరికీ చెప్పుకుంది. మోకాళ్లు పట్టేశాయని నెల రోజులు మంచం దిగలేదు కూడా. గాలి వల్లో మొండితనం వల్లో ఎవరు చెప్పొచ్చారు? ఊళ్లో మాత్రం కుంజెస్‌కి 'గాలి కోడలు' అని పేరు పడిపోయింది.

సింధునది పక్కన పోయే రోడ్డుకి ఆనుకునే ఉంటుంది ఆ వేడినీటి ఊట. దాని మీద నాలుగు రాతిగోడలు, ఒక రేకు తలుపు. బార్లీ కోతలైపోయి చలి ముదిరేలోపు చాంగ్‌థాంగ్ పీఠభూమిలోని కీళ్లనొప్పులన్నీ అక్కడికే నడిచొస్తాయి. నీళ్లలో మునిగి లేవడం సగం వైద్యమే. మిగతా సగం, అదే గదిలో వెచ్చటి బండల మీద గొర్రెతోళ్లు కప్పుకుని పడుకోవడం. ఒంట్లోని చెడంతా చెమటగా దిగేదాకా గాలి తగలకూడదు. బయటివాళ్లు పలకరించకూడదు, లోపలివాళ్లు పలకకూడదు. నోరు తెరిస్తే గాలి దూరుతుందట. మంత్రం చదువుకుంటే తప్పులేదు. నాడి చూసే వైద్యుడు, ఆమ్చి, చెప్పాడంటే అక్కడ దానికి తిరుగు లేదు.

"ఈసారి చీమ దూరే సందున్నా ఊరుకోను," అని లోపలికి వెళ్తూ అంది స్పల్జెస్. "వింటున్నావా గాలి కోడలా? నేను పిలిచేదాకా ఆ తలుపు మీద నీ నీడ కూడా పడకూడదు."

"అలాగే ఆమలే," అంది కుంజెస్, కన్నతల్లిని పిలిచినట్టే. కింద, పైన, గోడకున్న చిన్న కిటికీకి, ఎక్కడా వదలకుండా ఉన్ని దట్టించింది. మాట పడకూడదన్న పట్టుదలలో కాస్త ఎక్కువే దట్టించింది.

మధ్యాహ్నం దాటాక అక్కడి గాలి సంగతి చెప్పనక్కర్లేదు. గులకరాళ్లు లేపి మొహాన కొడుతుంది. కుంజెస్ మొగుడు తుండుప్ జీపు చాటున కూర్చుని, పక్కనున్న గుడారంలోంచి తెచ్చుకున్న ఉప్పు టీ తాగుతున్నాడు. గుడారం నడిపే యంగ్‌చెన్‌ని దారిన పోయేవాళ్లంతా ఆచెలే అంటారు. అందరికీ అక్కే, అందరికీ సలహాలే.

తలుపు పక్కన చతికిలబడి కుంజెస్ వింటోంది. లోపలినుంచి తుమ్మెద రొదలా 'ఓం మణి పద్మే హుం' అని మణిమంత్రం వినబడుతోంది. ఆ రొద వినబడినంతసేపూ ఆమె ప్రాణం కుదుటగానే ఉంది. ఉన్నట్టుండి అది ఆగిపోయింది. గాలి హోరులో కలిసిపోయిందేమో అనుకుని తలుపుకి చెవి ఆనించింది. రేకు చురుక్కుమంది. మంత్రం లేదు.

"ఏమయ్యా, ఇలా రా. మీ అమ్మ గొంతు ఆగిపోయింది."

"నిద్రపట్టి ఉంటుంది," అన్నాడు తుండుప్, కదలకుండానే.

"నిద్రలో కూడా మంత్రం వదిలే మనిషా? గురకలో కూడా మణి అంటుంది."

గుడారంలోంచి ఆచెలే తల బయటపెట్టింది. "మనసులో చదువుకుంటోందేమోలేవే. తలుపు జోలికి మాత్రం పోకు. మా పిన్నికి ఇలాగే గాలి తగిలి మూతి వంకర పోయింది. ఇప్పటికీ టీ తాగితే సగం గడ్డం మీదే."

కుంజెస్ కాసేపు ఓర్చుకుంది. ఓర్చుకోవడమంటే ఏమిటి, లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. లోపల ఏం జరుగుతోందో తెలీదు. తెలుసుకోవడానికి పిలవకూడదు. తలుపు తీస్తే, అంతా బాగుంటే, ఇక జన్మలో ఆ ఇంట్లో తలెత్తుకోలేదు. తీయకపోతే? ఆ తర్వాత మాట తలుచుకోలేకపోయింది.

ఆఖరికి తెగించి, తలుపు కింద కుక్కిన ఉన్ని ముద్ద ఒకటి బయటికి లాగింది. కుండ మూత తీసినట్టు వేడి ఆవిరి భగ్గున మొహాన కొట్టింది. సందులోంచి చల్లగాలి రివ్వున లోపలికి పోయింది. కుంజెస్ కళ్లు గట్టిగా మూసుకుని, రాబోయే తిట్టు కోసం కాచుకుంది.

తిట్టు రాలేదు.

"తిట్టలేదు!" అని కెవ్వుమంది. "ఏమయ్యో, విను! గాలి లోపలికి పోయినా తిట్టలేదు!"

తుండుప్ చేతిలో గిన్నె కిందపడింది. పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు తలుపు తీశాడా? లేదు! ఆ ఉన్ని ముద్ద తీసుకుని మళ్లీ సందులో కుక్కబోయాడు. పాపం, కుక్కుతూనే ఉన్నాడు.

"ఆగు, ఇంకాసేపు ఆగుదాం. పిలుస్తానందిగా."

"పిలిచే ఓపిక ఉంటే తిట్టకుండా ఉంటుందా? నీ తల్లి సంగతి నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే చెప్తున్నా! అంతా బాగుండి మనం తలుపు బద్దలుకొట్టామనుకో, ఆ తిట్లు ఎవరు పడతారు? నువ్వు పడతావా? నా వల్ల కాదు కుంజెస్. నలభై ఏళ్లుగా పడుతున్నా, ఇక నా వల్ల కాదు."

"పడతాను. చచ్చేదాకా పడతాను. తప్పుకో."

అతను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఒంటినిండా భయమే. ఆ మొహం చూస్తే కుంజెస్‌కి జాలీ, ఒళ్లుమంటా ఒక్కసారే వచ్చాయి. చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజితే పక్కకి తూలాడు. రోడ్డు పక్కనున్న రాయి రెండు చేతులా ఎత్తి గడియ ఉన్నచోట కొట్టింది. రేకు సొట్టపోయింది. ఇంకోసారి కొట్టింది. లోపలి చెక్క గడియ ఫెళ్లున విరిగింది.

ఆవిరిలో ఏమీ కనబడలేదు. కాలికి ఏదో మెత్తగా తగిలింది. స్పల్జెస్ తోళ్ల కింద లేదు, తలుపు వైపు పాక్కుంటూ వచ్చి బోర్లా పడిపోయి ఉంది. మొహం కందగడ్డలా ఎర్రబడింది. కుంజెస్ ఆమె చంకల కింద చేతులు వేసి, బయటికి, గాలిలోకి, గులకరాళ్ల మీదికి ఈడ్చుకొచ్చింది.

"గాలి! గాలి తగులుతోంది!" అని ఆచెలే గుండెలు బాదుకుంది. తుండుప్ దుప్పటి పట్టుకుని వచ్చాడు.

"కప్పావంటే ఊరుకోను! ఆ గాలే కావాలిప్పుడు."

అత్త తడి చొక్కా గొంతు దగ్గర చింపేసింది. నదిలో తన తలగుడ్డ తడిపి తెచ్చి నుదుటి మీద వేసింది. "ఆమలే, ఊపిరి తీసుకో. ఆమలే, నీకు దణ్ణం పెడతా." ముసలామె ఛాతీ కదల్లేదు. కదిలిందేమో అనిపించింది, మళ్లీ లేదు. అప్పుడు గొంతులో గురగురమంది. పెద్ద దగ్గు. ఆ వెనకే ఊపిరి, నీళ్లలోంచి తేలినవాళ్లు తీసుకున్నట్టు, ఆబగా.

కుంజెస్ అక్కడే కూలబడి భోరుమంది. బతికింది, చాలు. ఇక ఏం పేరు పెట్టుకుంటారో పెట్టుకోనీ.

నాలుగు గుక్కలు నీళ్లు దిగాక స్పల్జెస్ కళ్లు తెరిచింది. "తలుపెవరు తీశారు?"

"నేనే ఆమలే. ఎంత తిట్టుకుంటావో తిట్టుకో."

ముసలామె కోడలి వైపు చూడలేదు. దుప్పటి పట్టుకుని దూరంగా నిలబడిపోయిన కొడుకు వైపు చూసింది.

"విన్నానురా," అంది. "కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. నోరు పెగల్లేదు. చెవులు మాత్రం పనిచేశాయి."

తుండుప్ ఒక అడుగు ముందుకి వేశాడు. "అమ్మా, నేను..."

"నీ తప్పేం లేదులే. తలుపవతల తల్లి పోతుందేమోనన్న భయం కన్నా, తల్లి తిడుతుందేమోనన్న భయమే నీకు ఎక్కువైంది. కన్నబిడ్డని అంతలా బెదరగొట్టి పెంచాను."

ఆ మాట మెల్లగా అంది. తుండుప్ వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తిట్టవే అమ్మా. నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి తిట్టు," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

స్పల్జెస్ తిట్టలేదు. కోడలి చెయ్యి వెతుక్కుని పట్టుకుని, గాలి వస్తున్న వైపుకి మొహం తిప్పుకుని పడుకుంది.