పద్దెనిమిది రోజుల నల్లమద్ది

తెల్లమద్ది చెక్క దంచుతుంటే మళ్లీ వచ్చింది నొప్పి. రొమ్ము నడుమ ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టు, అక్కడి నుంచి ఎడమ చేతిలోకి. రోకలి గోడకు ఆనించి కూలబడ్డాను.

"దంచుడు ఆపినవేంది సక్కూ? మంది వచ్చే యాళ్లయితుంది," వసారాలోంచి మా ఆయన కేక.

మా ఆయన రామచంద్రం పెద్దపల్లిలో పేరున్న వైద్యుడు. గుండెనొప్పికి ఆయన తెల్లమద్ది కషాయం కావాలని హుస్నాబాద్ నుంచి కూడా వస్తారు. ఆయన కషాయమట! చెక్క ఎండబెట్టేది నేను, దంచేది నేను, పాలల్లో వేసి సగం ఇగిరేదాకా పొయ్యి ముందు కూర్చునేది నేను. ఆయన నాడి చూస్తాడు, ఎవరికి తగ్గిందో బుక్కులో రాస్తాడు. హైదరాబాదులో వైద్యుల సభ ఉందని ఇప్పుడా బుక్కు ముందేసుకుని వ్యాసం రాస్తున్నాడు. ముప్పై రెండు మందికి ఇస్తే ఇరవై ఆరు మందికి తగ్గిందని నిన్న అన్నం తింటూ చదివి వినిపించాడు. అందులో కొందరు తాగింది తెల్లమద్దే కాదని నాకు తెలుసు.

పోయిన ఎండాకాలం, అడవి నుంచి చెక్క తెచ్చే బుచ్చవ్వకు జ్వరమొచ్చి అల్లుణ్ని పంపింది. అతను తెచ్చింది నల్లమద్ది. చిన్న ముక్కలు కొట్టి తెచ్చాడు, నేనూ చూసుకోలేదు. నాదే తప్పు. పద్దెనిమిది రోజులు అదే దంచి, కాచి పోశాను. బుచ్చవ్వ లేచి వచ్చి గంపలో చెయ్యి పెట్టి, "అయ్యో బిడ్డా, గిది దూలాలకు కొట్టే చెట్టు గదనే!" అంది. ఎవరికేమైందోనని మా ఆయన లేనప్పుడు బుక్కు తెరిచాను. నాలుగో తరగతి చదువు అందుకన్నా పనికొచ్చింది. ఆ రోజుల్లో తాగింది పదకొండు మంది. తొమ్మిది మంది పేర్ల పక్కన 'నొప్పి తగ్గినది'. తెల్లదానికి ఎట్లనో నల్లదానికీ అట్లనే! మరి కషాయం తాగుతూ తాగుతూనే చనిపోయిన అంతయ్య పేరు పక్కన ఏముందో తెలుసా? 'నడుమ మానివేసెను'. తెల్లమద్ది పనిచేయదని నేననను. చేస్తుందేమో. తాగినవాళ్లనూ తాగనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూసిందెవరు?

చెప్పడానికి భయమేసింది. "ఒక్క పనన్న సక్కగ చేస్తవా?" అన్న మాట పదిహేనేళ్లుగా వింటున్నాను.

రెండు నెలల కింద నాకే నొప్పి మొదలైంది. "ఆడోళ్లకు గుండెనొప్పేంది? పైత్యం. జర కషాయం తాగు, పోతది," అన్నాడు. తాగాను. ఇద్దరు మనుషులు చేసే చాకిరీ మాత్రం తగ్గలేదు, నొప్పీ తగ్గలేదు. నన్ను కూడా బుక్కులో రాయమంటే నవ్వాడు. "ఇంట్ల ఆడోళ్లను రాస్తె ఎవలు నమ్ముతరు?"

నొప్పి కొంచెం సద్దుమణిగాక లేచి వసారాలోకి పోయాను. నల్లమద్ది సంగతి మొత్తం చెప్పాను. నాకు ఇప్పుడే నొప్పి వచ్చి పోయిందని కూడా చెప్పాను.

ఆయన మొదట వాకిలి వైపు చూశాడు. "ఎవలకన్న చెప్పినవా?"

"బుచ్చవ్వకు తెలుసు."

"దానికి నేను చెప్పుకుంట. నువ్వు నోరు మూస్కో. బుక్కుల గా పద్దెనిమిది రోజులు కొట్టేస్త, అయిపాయె."

నా నొప్పి గురించి అడుగుతాడేమోనని నిలబడ్డాను. ఆయన కలం వెతుక్కుంటున్నాడు. నేను లోపలికి పోయి ఉతికిన చీర కట్టుకుని, సంచి తీసుకుని బయటికి వచ్చాను.

"ఏడికి?"

"కరీంనగర్ దవాఖానకు. డాక్టర్‌కు చూపించుకుంట."

"పిచ్చి లేసిందా? వైద్యుని పెండ్లాం దవాఖానకు పోతె నా పేరేంగావాలె?"

"మీ పేరుకేం ఫికర్ లేదు. నా పేరు కొట్టేద్దామన్నా మీ బుక్కుల లేకపాయె."

వసారా మెట్లు మెల్లగా దిగాను. వాకిట్లోకి అప్పుడే ఇద్దరు రోగులు వస్తున్నారు. వాళ్లకు వినబడేటట్టే వెనక్కి తిరిగి అన్నాను.

"చెక్క సగమే దంచిన. మిగిలింది మీరు దంచుండ్రి. తెల్లదో నల్లదో జర చూసుకొని దంచుండ్రి."