సీటు మీది జంపఖానా

మా ఆయన నర్సింగానికి నా మీద ఎంత ప్రేమ ఉందో నేను చెప్పలేను గానీ, ఆ బుల్లెట్ బండి మీద ఎంత ఉందో మా కొత్తవాడలో ఎవరిని అడిగినా చెబుతారు. మరమగ్గాలు రిపేరు చేసే మనిషి. నూనె చేతులతో ఇంటికొచ్చి, అన్నానికి కూర్చునే ముందు మళ్లీ ఆ బండి దగ్గర కూలబడి చేతులకు ఇంకాస్త నూనె పూసుకునేవాడు. హైదరాబాద్‌లో ఎవరో రిటైరైన పెద్దాయన అమ్మితే కొన్న పాత బండి అది. నల్లగా, బరువుగా, మా గల్లీ సగం ఆక్రమించి నిలబడేది. దాన్ని స్టాండు మీదికి లాగాలంటే మగవాడికి కూడా నడుము పట్టేస్తుంది.

వరంగల్లులో తిరగడానికైతే సైకిలు చాలు. ఆ బండి ఉన్నది దూరం పోవడానికి. ఏడాదికొకసారి, వానాకాలంలో పనులు తగ్గగానే ఆయనకు కాళ్లు నిలవవు. ఒక ఏడు శ్రీశైలం, ఇంకో ఏడు నాగపూర్.

"చిన్న బండ్లు ఊకె మొత్తుకుంటయే సరోజనా. జర దూరం పోంగనే దమ్ము తీస్తయి. ఇది మొత్తుకోదు. ఎంత దూరం పోతే అంత నిమ్మలంగ కొట్టుకుంటది. మనం అలుస్తం గని ఇది అలవదు," అనేవాడు.

రైలుంది కదా అంటే నవ్వేవాడు. "రైల్ల కూసుంటే ఊర్లను కిటికీలకెల్లి సూసుడే. బండి మీద పోతే ఆ ఊరి వాన మన మీదనే పడ్తది."

వాన మీద పడటం కోసం జిల్లాలకు జిల్లాలు దాటిపోయే మనిషికి నేనేం చెప్పను? ఒళ్లు మండేది. ఒళ్లు మండటం పైకే, లోపలంతా భయం. లారీలు, వాగులు, చీకట్లో రోడ్డు మీద పడుకునే బర్రెలు, అన్నీ ఆయన వెళ్లిన గంటకే నా కళ్ల ముందుకు వచ్చి కూర్చునేవి. ఆయన తిరిగి వచ్చేదాకా లేచేవి కావు.

ఆయన బయలుదేరే రోజు మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నేను తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నీళ్ల చెంబు పట్టుకుని బండికి ఎదురు రావాలి. మా అత్త రాములవ్వ మాత్రం కనబడకూడదు. మామ పోయిన నాటి నుంచి ఆమె ఎవరి ప్రయాణానికీ ఎదురు వచ్చింది లేదు. ఎవరూ చెప్పకముందే మగ్గం అర్రలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. కన్నకొడుకు దూరం పోతుంటే ఒక్కసారైనా గడపలో నిలబడి చూడలేదు. చెవులతోనే సాగనంపేది. "పోచమ్మ మైదాన్ కాడ మలిగిండు," అనేది లోపలి నుంచి. చుట్టూ మరమగ్గాల మోతలో బండి మలుపు తిరిగిన చప్పుడు నాకు వినబడేది కాదు. ఆమెకు ఎలా వినబడేదో ఇప్పటికీ తెలియదు.

ఆమె చేయి ఆ బండికి తగిలింది ఒక్కచోటే, సీటు మీద. తన గుంత మగ్గం మీద చిన్న జంపఖానా నేసి ఇచ్చింది. ఎరుపు, నీలం పట్టీలు, నాలుగు మూలలా కట్టుకోవడానికి తాళ్లు. "దూరం కూసుంటవు బిడ్డా, మెత్తగుండాలె," అంది. అది లేకుండా నర్సింగం ఊరు దాటేవాడు కాదు.

ఎనభై మూడులో, వానలు బాగా పడుతున్న రోజుల్లో, ఆయన భీవండికి బయలుదేరాడు. మా బావ పెద్దులు బొంబాయి పక్కన ఆ ఊళ్లోనే మరమగ్గాల మీద పనిచేస్తూ ఉండిపోయాడు. మా నోళ్లలో అది భీమండి. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు, నడుమ అన్న దగ్గర కొన్నాళ్లు. "ఆదివారం బువ్వ ఇంట్లనే తింట," అని నాకు మాట ఇచ్చాడు.

పొద్దున్నే చెంబు పట్టుకుని గల్లీ మలుపులో నిలబడ్డాను. ఆయన బండి మీద లేచి నిలబడి కిక్కు కొట్టాడు. ఒక్కదానికే అందుకుంది. ఆ ముఖం చూడాలి, ఏదో రాజ్యం గెలిచినట్టు! నేను నాలుగు అడుగులు వేశానో లేదో, మా ఇంటి పక్క సందులోంచి రాములవ్వ పరుగెత్తుకొచ్చింది. చేతిలో జంపఖానా. ముందు రోజు నేనే ఉతికి పెరట్లో ఆరేశాను, హడావుడిలో అందరం మరిచిపోయాం. మగ్గం అర్ర కిటికీలోంచి అది ఇంకా తీగ మీదే ఉండటం ఆమె కంటబడింది.

"బిడ్డా, జంపఖానా మర్సిపోయినవు!"

సరిగ్గా ముందు చక్రానికి ఎదురుగా వచ్చి నిలబడింది. నాకంటే ముందు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పూలమ్మ "అయ్యయ్యో!" అని నోరు నొక్కుకుంది. అప్పుడు గాని రాములవ్వకు తాను ఎక్కడ నిలబడిందో తెలియలేదు.

అలాంటప్పుడు దిగి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి బయలుదేరాలి. చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"దిగయ్యా, జర కూసోని పో," అన్నాను.

"ఒక్క కిక్కుకు అందుకున్నదే. ఇప్పుడు బంద్ చేయమంటవా?" అంటూ తల్లి చేతిలోంచి జంపఖానా అందుకుని, సీటు మీద పరుచుకుని, తాళ్లు కూడా సరిగ్గా కట్టకుండానే వెళ్లిపోయాడు. బండి మలుపు తిరిగింది. పోచమ్మ మైదాన్ మాట ఆ రోజు రాములవ్వ అనలేదు.

ఆదివారం ఆయన కోసం చేపలకూర వండాను. సాయంత్రానికి దాన్ని మళ్లీ వేడిచేశాను. వాన ఆగలేదు. సోమవారం కూడా రాకపోతే, నూలు దుకాణం రాజేశ్వర్ రావు గారి దగ్గర ఫోనుంటే అక్కడికి పోయి భీవండికి ట్రంకు కాల్ పెట్టించాను. బావ ఉండే చాల్, ఆ ఇరుకు గదుల మేడ కింద హోటల్లో ఒక ఫోను ఉంది. లైను కలిసేదాకా నూలు మూటల మధ్య కూర్చుని, చీర కొంగును మెలిపెట్టి మెలిపెట్టి తాడు చేశాను. చివరికి ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు పెద్దులు బావ గొంతు వినబడింది.

"శుక్రారం పొద్దుగాలనే ఎల్లిండు గదమ్మా! ఇంకా రాలేదా?"

నేను ఫోను పెట్టేశానా, చేతిలోంచి జారిందా గుర్తులేదు. రాజేశ్వర్ రావు గారు మాత్రం, "రోడ్లు మునిగి ఉంటయమ్మా, ఆగి ఉంటడు. ఫికర్ చేయకు," అన్నారు. ఫికర్ చేయకు అంటే ఆగిపోయే ఫికర్ ఎక్కడైనా ఉంటుందా?

ఇంట్లో ఏమీ చెప్పకూడదు అనుకుంటూ వచ్చాను. రాములవ్వ నా ముఖం చూసి అన్నీ తెలుసుకుంది. అప్పటికే ఆమె ఆదివారం రాత్రి నుంచి అన్నం ముట్టలేదు. మగ్గం మీద సగం నేసిన పని అలాగే ఉంది. గుంతలో కాళ్లు పెట్టకుండా దాని పక్కన నేల మీద పడుకుంది.

"నా ఎదురే తాకింది బిడ్డా. కొడుకును నేనే మింగిన," అంది.

నాకు ఎదురు మీద నమ్మకం లేదని కాదు. ఉంది. అందుకే ఆ రోజు ఆయన్ను దిగి కూర్చుని పొమ్మన్నాను. కానీ ఆ మాట ఆమె నోట వినేసరికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"నీ ఎదురు కాదత్తమ్మా, ఆ బండి! దూరం దూరం అని ఉరికే ఆ దున్నపోతు బండి! అంతా నువ్వే నెత్తినేసుకుంటే నేనెవ్వర్ని తిట్టుకోవాలె? లే, రెండు ముద్దలు తిను."

తినలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. కొడుకు రాకపోతే ఈమె కూడా ఇక లేవదని నాకు అర్థమైంది. పూలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి, "మా మేనమామకు గూడ గిట్లనే ఎదురైందే..." అని మొదలుపెట్టింది.

"పూలక్కా, నీ మేనమామ ముచ్చట నా పెనిమిటి వచ్చినంక చెప్పు," అని తలుపు వేశాను.

ఇక రెండు రోజులూ నా చెవులు వీధిలోనే ఉన్నాయి. వినబడితే కదా! మా పక్క షెడ్డులో కట్టయ్య మరమగ్గాలు, దాని పక్కన ఇంకోటి, వీధి పొడుగునా టకటక. ఏ మోటారు చప్పుడైనా అందులో కలిసిపోయేది. మా వాడలో కరెంటు పోతే నేతోళ్లందరం ప్రభుత్వాన్ని తిడతాం. నేను మాత్రం ఆ రెండు రోజులు కరెంటు పోవాలని దేవునికి మొక్కాను.

బుధవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. చూరు నీళ్లు కారడం కూడా వినబడింది. రాములవ్వ కళ్లు తెరిచింది.

"అస్తాండు," అంది.

నాకేమీ వినబడలేదు. పాపం, తిండి లేక ఏదో అంటోంది అనుకున్నాను. అంతలో నిజంగానే దూరంగా దుబ్, దుబ్, దుబ్ అని, తొందర లేకుండా, మా గల్లీ గోడలకు తగులుతూ వచ్చింది. నేను చెప్పుల్లేకుండా ఉరికాను. నడుము దాకా బురద, గడ్డం, ఎర్రబడ్డ కళ్లు. కానీ రెండు చేతులూ రెండు కాళ్లూ ఉన్నాయి. ముందు తిట్టాను, తర్వాత ఏడ్చాను, ఏడుస్తూ మళ్లీ తిట్టాను.

"హుమ్నాబాద్ ఇవతల వాగు రోడ్డు మీదికొచ్చిందే. లారీలోళ్లతోటి చాయ్ హోటల్లనే పండుకున్న. ఫోను లేదు, ఏం లేదు. వాగు తగ్గినంక సూడాలె సరోజనా, రోడ్డు మొత్తం ఖాళీ. నేను, బండి, అంతే..."

ఆ కళ్లలో వెలుగు చూసి ఇంకో నాలుగు తిట్లు తిట్టాను.

"అవ్వ ఏది?" అన్నాడు.

అవ్వ బండి చప్పుడు దగ్గరికి రాగానే గోడ పట్టుకుని లేచి మగ్గం అర్ర తలుపు గడియ పెట్టుకుంది. జరిగిందంతా చెప్పాను. ఆయన తలుపు కొట్టాడు.

"అవ్వా, మంచిగనే వచ్చిన. తలుపు తియ్యి."

"రాను బిడ్డా. ఒక్కసారి బతికి వచ్చినవు, సాలు. నన్ను పెద్దోని దగ్గరికి రైలెక్కియ్యి. నేనీ ఇంట్ల ఉంటే మల్లెప్పుడన్న ఎదురైత."

నర్సింగం బతిమాలాడు. ఎదురూ లేదు ఏమీ లేదన్నాడు. అయిదు నిమిషాలు అలా కొట్టుకున్నాక ఊరుకున్నాడు. బయటికి పోయి బండి హ్యాండిలు పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. ఆ ఇరుకు గల్లీలో అంత బరువు బండిని ముందుకీ వెనక్కీ తోసి, దాని ముఖం వీధి వైపు, వెనుక సీటు మా గడప వైపు వచ్చేలా నిలిపాడు. చెమటలు కక్కుతూ గడప దగ్గరికి వచ్చి గట్టిగా అన్నాడు.

"అవ్వా, నువ్వు ఎదురు రావొద్దు. సరే. రాకు. ఎనుకకెల్లి వచ్చి ఎనుక కూసో."

కాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. రాములవ్వ కొడుకు వైపు కాదు, అరుగు మీది పూలమ్మ వైపు చూసింది.

"పూలీ, ఎనుక కూసుంటే ఏమన్న ఉన్నాదే?"

శకునాల విషయంలో మా వీధికి పూలమ్మే పెద్ద దిక్కు. ఆమె ఒక్కొక్క శకునమే వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఎదురు సంగతే గని, ఎనుక సంగతి నేనెన్నడు ఇనలేదక్కా," అంది చివరికి.

"తిండి లేని మనిషి, పడిపోతది!" అని నేను అడ్డం పోయాను. నా మాట ఎవరు విన్నారు? రాములవ్వ బురదపట్టిన జంపఖానాను చేత్తో దులిపి, పక్కకు తిరిగి కూర్చుంది. కూర్చున్నాక కాళ్లు ఎక్కడ పెట్టాలని అడిగింది. నేను తిట్టుకుంటూనే నా పాత చీర తెచ్చి ఆమె నడుమూ ఆయన నడుమూ కలిపి గట్టిగా ముడివేశాను. బండి కదిలింది. ములుగు రోడ్డు వైపు పోయారు.

వాళ్లు మలుపు తిరిగారో లేదో కరెంటు వచ్చింది. టకటక టకటక. నాకు పిచ్చెక్కినంత పనైంది. ఇప్పుడు ఇద్దరు. ఒకరికి నిద్ర లేదు, ఒకరికి తిండి లేదు. రోడ్డు తడి. కట్టయ్య షెడ్డులోకి పరుగెత్తాను.

"కట్టన్నా, నీ కాల్మొక్త, జర మగ్గాలు ఆపు!"

కట్టయ్య నా ముఖం చూశాడు. ఆపేశాడు. పక్క షెడ్డుకు తానే పోయి చెప్పాడు. పని పోతున్నా ఒక్కరూ విసుక్కోలేదు. గల్లీలో నిలబడి విన్నాను. చాలాసేపు వాన చినుకులే. తర్వాత, ఎప్పుడూ ఆమెకే వినబడే ఆ చప్పుడు ఈసారి ముందుగా నాకు వినబడింది. "పోచమ్మ మైదాన్ మలిగిర్రు," అని నాకు నేనే చెప్పుకున్నాను.

బండి వచ్చి ఆగేసరికి రాములవ్వ తల మీది కొంగు భుజాల మీదికి జారి ఉంది, సర్దుకోలేదు. నెరిసిన వెంట్రుకలు అన్నివైపులా లేచి ఉన్నాయి. ముడి విప్పుతుంటే నా చేయి పట్టుకుంది.

"ఆకలైతాంది బిడ్డా."

కంచం ముందు కూర్చుని చాలా తింది. నడుమ ఆగి కొడుకును అడిగింది. "ములుగు దాక పోయినమా?"

"లేదవ్వా, ఆరెపల్లి కాన్నుంచే మలిపిన."

"గంతేనా?" అంది. ఇంకో ముద్ద తింది. "ఆ దుబ్ దుబ్ ఉన్నది సూడు, అది కాళ్లలకెల్లి ఎక్కి గుండె కాడ నిమ్మలమైతది. మల్ల దిగబుద్ది కాదు. పెద్దోన్ని సూడక ఎన్నేండ్లాయెనో. రైలొద్దు బిడ్డా."

నర్సింగం అన్నం కలుపుతూ తల దించుకున్నాడు. నవ్వు దాచుకుంటున్నాడని నాకు తెలుసు. రాములవ్వ చెయ్యి కడుక్కుని, మగ్గం అర్రలోకి పోయి, ఆదివారం తర్వాత మొదటిసారి గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంది.

"సరోజనా, ఎర్ర నూలు ఉన్నాదే ఇంట్ల?"

"ఎందుకత్తమ్మా?"

"ఆ జంపఖానా ఒక్కనికే సాల్తది. జర పొడుగు నెయ్యాలె."

భీవండి తోవలో ఇంకెన్ని వాగులున్నాయని నేను నర్సింగాన్ని అడగలేదు. ఎర్ర నూలు వెతకడానికి అటక ఎక్కాను.