గేటు దగ్గరి పౌడరు డబ్బా

మా ఆసుపత్రి వెనక గేటు పక్కన గోడకి ముఖం చూసి హాజరు వేసే మిషను బిగించారు. ఆ రోజు నుంచీ నాకూ దానికీ పడదు. అంతకుముందు ఈ గీదం ఆసుపత్రిలో ఊడ్చే ఆడవాళ్లందరి హాజరూ నా కళ్లతోనే నడిచేది. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో, ఎవరు వచ్చి కూడా మెట్ల కింద కూర్చుని కబుర్లు చెబుతున్నారో, ఈ వరహాలమ్మకి తెలియనిది లేదు. ఇప్పుడు మమ్మల్ని పనిలో పెట్టిన ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, మిషను చెప్పినదాన్ని బట్టే జీతాలిస్తాడు. నేను సూపర్‌వైజర్ననేది పేరుకే.

మొదటి రోజే తేడా వచ్చింది. ముఖాలు మిషనులోకి ఎక్కించడానికి వస్తున్నామని ఠేకేదారు మనిషి కబురు పెడుతూ, "రేపు అందరికీ ఫోటో" అన్నాడు. ఫోటో అంటే మా వాళ్లకి మేళాలో తీయించుకునేది. ఇంకేముంది, మర్నాడు తెల్లారేసరికి అందరూ తలకి నూనె, కొప్పులో బంతిపూలు, మెడ కనపడకుండా పూసల దండలు, ముఖాన ఇంత మందాన పౌడరు వేసుకుని వరసగా నిలబడ్డారు. అందరికంటే ఎక్కువ ముస్తాబు మాసే అనే పిల్లది. ముక్కుకి రెండువైపులా పుల్లలు, మధ్యలో పెద్ద ముక్కెర, ఇవి చాలవన్నట్టు పక్కింటామె దగ్గర అడిగి తెచ్చుకున్న వెండి గొలుసు.

"ఏందే, పెళ్లిచూపులా?" అన్నాను.

"ఫోటో అంటిరి కదమ్మా," అంది సిగ్గుపడుతూ.

ఆ ముఖమే మిషనుకి మాసే అయిపోయింది. తర్వాత రోజు చీపురు పట్టుకునే మామూలు ముఖంతో వస్తే, "చెహ్రా నహీ మిలా" అంటుంది. హిందీలో, ముఖం కలవలేదని. అందరికీ అదే గొడవ. చివరికి ఆడవాళ్లే ఉపాయం కనిపెట్టారు. కిటికీ గట్టు మీద ఒక పౌడరు డబ్బా పెట్టుకున్నారు. రాగానే పూసుకోవడం, ఒక పువ్వు తురుముకోవడం, మిషను ముందు నిలబడటం. అది "ధన్యవాద్" అనగానే తుడుచుకుని బకెట్లు పట్టుకోవడం. డాక్టర్లు కూడా నవ్వుకునేవారు. నేనూ నవ్వాను. ఏడవాల్సిన పని అప్పటికి ఏముంది గనక?

మాసేది గొల్లపల్లి వైపు. దోర్లా అనే అడవి తెగ పిల్ల. వాళ్ల మాట మా కోంటా వైపు తెలుగుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి నాతో చనువు. మొగుడు పొజ్జా ఇక్కడ బజార్లో బస్తాలు మోసేవాడు. సాయంత్రం డ్యూటీ దిగే వేళకి గేటు దగ్గర కూర్చుని ఉండేవాడు, దాన్ని ఇంటికి తీసుకుపోవడానికి. ఇంటికి దారి దానికి తెలియదా ఏం? ఊరికే వచ్చేవాడు.

వానాకాలంలో పొజ్జాకి జ్వరం తగిలింది. తల నొప్పి, తల నొప్పి అంటూ తిరిగి, ఆఖరికి మా ఆసుపత్రికే తెచ్చేసరికి మాట పోయింది. మాసే తుడిచే వార్డులోనే పోయాడు.

ఊరికి తీసుకుపోయి మట్టి చేసి వచ్చిన మాసేని చూసి నేను గుర్తుపట్టడానికే ఒక క్షణం పట్టింది. ముక్కు బోసి, మెడ బోసి, తల రేగిపోయి ఉంది. పోయినవాడి పేరు మీద ఊరి బయట రాయి నిలుపుతారు వాళ్లు. ఆ రాయి నిలిచేదాకా పెళ్లాం పూస కట్టదు, పువ్వు పెట్టదు, ముఖానికి ఏదీ రాయదు. రాయి నిలపాలంటే ఊరందరికీ తిండి పెట్టాలి. అది కోతలయ్యాక. అంతదాకా కూడబెట్టాల్సింది మాసేనే, ఇంట్లో సంపాదన దానిదొక్కటే.

మిషను ముందు నిలబడింది. "చెహ్రా నహీ మిలా."

మళ్లీ నిలబడింది. మళ్లీ అదే మాట.

"పనిచెయ్యి, నేను చూసుకుంటా," అన్నాను. అది రోజంతా పనిచేసింది. మర్నాడూ చేసింది. నెలాఖరుకి జీతం రాలేదు. ఫోన్ చేసి ఠేకేదారుని పట్టుకుని కడిగేశాను. "అమ్మా, మీ మాట నేను నమ్ముతా, సిస్టం నమ్మదు," అన్నాడు. ఎంత తీయగా చెప్పాడో పాపం! నాకు ఒళ్లు మండిపోయింది. జీతం లేకపోతే రాయి లేదు. రాయి లేకపోతే ముక్కెర లేదు. ముక్కెర లేకపోతే జీతం లేదు. ఎటు తిప్పినా అక్కడికే వస్తుంది.

నా పోరు పడలేక చివరికి జగదల్‌పూర్ నుంచి కమలేష్‌ని పంపించారు, మిషన్ల సంగతి చూసేవాడు. మంచివాడే. మాసేని కూర్చోబెట్టి, ఇప్పటి ముఖాన్ని కొత్తగా ఎక్కించబోయాడు. మిషను కాసేపు ఆలోచించి చెప్పింది: ఈ ముఖం ముందే ఉంది.

"అంటే ఈమె ఎవరో దానికి తెలుసన్నమాట," అన్నాను.

"తెలుసు దీదీ. అందుకే రెండోసారి ఎక్కించుకోదు."

"మరి హాజరెందుకు వెయ్యదు?"

"దానికి ఇంకా గట్టిగా కలవాలి."

"పాతది తీసెయ్యి మరి."

తల గోక్కున్నాడు. పాతది తీయాలంటే ఈమె పని మానేసినట్టు చూపించాలట. మళ్లీ చేరాలంటే కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేశారట. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అతన్ని మాత్రం ఏమనగలను?

మాసే కిటికీ గట్టు మీది పౌడరు డబ్బా చేతిలోకి తీసుకుంది. తర్వాత, "ఆ రోజు ముఖమే పెట్టుకుంటానమ్మా," అంది.

"ఎవరన్నా చూస్తే?"

"చూసేలోపు తుడిచేస్తా. రాయి కోసమే కద. ఆయన ఏమనుకోడు."

అలా మొదలైంది. బాత్రూముల వెనక్కి పోయి, చాటుగా పౌడరు పూసుకుని, ముక్కెర పెట్టుకుని, పువ్వు తురుముకుని వచ్చేది. మిషను "ధన్యవాద్" అనగానే పరుగెత్తి అన్నీ తీసేసి ముఖం కడుక్కునేది. కళ్లు ఎర్రబడేదాకా కడిగేది. పొజ్జా కూర్చునే చోటు వైపు మాత్రం చూసేది కాదు.

దాని అత్త హుంగే ఒక తెల్లవారుజామున కళ్లు చూపించుకోవడానికి ఊరివాళ్లతో కలిసి వచ్చింది. కోడలు వచ్చేది వెనక గేటు నుంచేనని ఎవరో చెబితే వాళ్లతో పాటు అక్కడే చతికిలబడింది. మాసే పూలతో, పౌడరుతో, ముక్కెరతో బాత్రూముల పక్కనుంచి రావడం, ఆవిడ తలెత్తడం ఒక్కసారే జరిగాయి. కళ్లు కనపడవని వచ్చిన ముసలామెకి అది మాత్రం కనపడింది.

"ఎవరికోసమే ఇది?"

మాసే గోడ మీద మిషను వైపు చెయ్యి చూపించింది. "దానికి అత్తా."

హుంగే లేచి, మిషను దగ్గరికి పోయి, ముఖం ఆనించేంత దగ్గరగా చూసింది. "అది నీకు ఏమైతది?"

మాసే కొప్పులోని పువ్వు తీసేసింది. నేను అందుకున్నాను. ఠేకేదారు సంగతి, జీతం సంగతి, రాయి కోసమే ఇదంతా అని అరిచినంత పని చేశాను. హుంగే అంతా విన్నది.

"నువ్వు చెప్పేది నిజమే అయి ఉంటది అమ్మా. ఊరివాళ్లు చూసిన్రు. వాళ్లకి నేనేం చెప్పాలె?" అంది. కోడలి వైపు తిరిగి, కోపం లేకుండానే, "నీ పైసలు మాకొద్దు. రాయి దగ్గరికి నువ్వు రావొద్దు," అంది. కళ్లు చూపించుకోకుండానే వెళ్లిపోయింది.

కోతలయ్యాయి. ఒక రోజు మాసే ఉత్త ముఖంతో వచ్చి, పౌడరు డబ్బా దాటి, తిన్నగా మిషను ముందు నిలబడింది. "చెహ్రా నహీ మిలా," అంది అది. మాసే తల ఊపి బకెట్ తీసుకుంది.

"ఏందే, పూసుకుని రాపో," అన్నాను.

"అత్తోళ్లు అప్పు చేసి ఇయ్యాల రాయి నిలుపుతున్నరంటమ్మా," అంది. "ఇయ్యాల ఒక్కరోజు నేను రాలేదనే రాసుకోనీ."

ఆ రోజంతా వార్డులన్నీ తుడిచింది. పొజ్జా పోయిన మంచం కింద రెండుసార్లు తుడిచింది. నాకు ఏడుపు ఆగలేదు, మందుల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

మర్నాడు ఇంటి దగ్గరే పౌడరు పూసుకుని, పువ్వు పెట్టుకుని, ముక్కెరతో వచ్చింది. రాయి నిలిచింది కాబట్టి ఇప్పుడు తప్పులేదు. మిషను "ధన్యవాద్" అంది. సాయంత్రం డ్యూటీ దిగేదాకా మాసే ముఖం కడుక్కోలేదు.