చల్లటి కార్డు

కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చాక కూడా ఆన్‌లైన్ రేసు ఆటలో చంటి కారు మలుపు దగ్గర గాల్లో ఆగి, కాసేపు ఆలోచించుకుని, తీరిగ్గా వెళ్లి గోడకి గుద్దుకుంటోంది. అదే మలుపు, అదే గోడ.

"కార్డు రానీండి, అప్పుడు చూపిస్తా" అని టీమంతటికీ నెలరోజులుగా డప్పు కొట్టుకుంది. ఆటలో ఆమె పేరు బుల్లెట్టు. నిన్న ప్రాక్టీసు అయ్యాక కెప్టెన్ మొహం మీదే చెప్పేసింది: "చూడు బుల్లెట్టూ, రేపు సాయంత్రం ఆరింటికి సెలెక్షన్ రేసు. ఆలోపు నీ డబ్బా బాగుపడితే సీటు నీది. లేదంటే రిజర్వు పిల్ల దిగుతుంది. తర్వాత అలగొద్దు."

ఏడాదిన్నర బెంచీ మీద కూర్చుంటే దొరికిన సీటు అది.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం రెండు. బల్ల మీద కంప్యూటర్ పొట్ట తెరుచుకుని ఉంది, స్క్రూలన్నీ సబ్బుపెట్టెలో ఉన్నాయి. కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేసింది. ర్యామ్ పీకి, ఊది, మళ్లీ గుచ్చింది. ఆటలో బొమ్మల నాణ్యత అడుక్కి దించింది. అబ్బే, ఏం లాభం లేదు.

"వైర్లు చూశావా?" గుమ్మంలోంచి నాన్న.

చంటికి ఒళ్లు మండింది. ఆమె చేసేది కంప్యూటర్ హెల్ప్‌డెస్క్ ఉద్యోగం. రోజుకి నలభై మందికి "ముందు వైరు సరిగ్గా పెట్టారేమో చూడండి సార్" అని చెప్పడం, వాళ్లు "ఆ మాత్రం మాకు తెలీదా" అని కసురుకుంటే ఫోను మ్యూట్‌లో పెట్టి నవ్వుకోవడం, అదీ ఆమె పని.

"ఆ మాత్రం నాకు తెలీదా నాన్నా? నీ చీటీలు చూసే పెట్టా."

నాన్న ముప్ఫై ఏళ్లు లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఆ ఇంట్లో చీటీ లేని వైరు లేదు. మిక్సీకో చీటీ, ఫ్యానుకో చీటీ, కాలింగ్ బెల్లుకి రెండు. కింద తారీఖు కూడా వేస్తాడు. కంప్యూటర్ స్క్రీను వైరుకి నాలుగేళ్ల కిందటి చీటీ ఉంది: "పై నుంచి రెండోది." చంటి కళ్లు మూసుకుని అక్కడే గుచ్చుతుంది.

మూడింటికి ఆమె ఆటనే డిలీట్ కొట్టింది. మళ్లీ మొదట్నుంచి దింపుకుందామని.

"ఉన్నదాన్ని ఎందుకు తీసేస్తున్నావే?"

"ఫ్రెష్‌గా ఉంటుంది నాన్నా. నీకు అర్థం కాదులే."

ఆ ఫ్రెష్ సరుకు నాలుగింటికి పదిహేను శాతం దగ్గర, ఐదింటికి ముప్ఫై ఎనిమిది దగ్గర ఉంది. ఈలోగా చంటి కార్డు వేగం కొలిచే టెస్ట్ ప్రోగ్రామ్ ఒకటి వేసుకుని కూర్చుంది. సెకనుకి ఇరవై రెండు బొమ్మలే, నత్తనడక. రోజంతటికీ ఓదార్పు ఒక్కటే.

"కార్డు మాత్రం మంచిది నాన్నా. ఇంత పనిలోనూ చూడు, ముప్ఫై ఆరు డిగ్రీలే. ఎంత చల్లగా ఉందో!"

నాన్న వచ్చి, కంప్యూటర్ వెనక అరచెయ్యి పెట్టాడు. లిఫ్టు మోటార్ల దగ్గర పెట్టే చెయ్యి.

"పనిచేసే మోటారు కాలాలి కదే. ఇది పడుకుంది."

"కార్డుకి అలా ఉండదు నాన్..." అంటూ చంటి ఆగిపోయింది. లేచి వెనక్కి తొంగి చూసింది. పాత కంప్యూటర్లో అసలు కార్డే లేదు. స్క్రీను వైరు పైనున్న మదర్‌బోర్డు సాకెట్లోకే వెళ్లేది, చీటీలో రాసినట్టు. ఇవాళా అక్కడే ఉంది. కొత్త కార్డు కిందెక్కడో అడ్డంగా, ఒక్క వైరూ లేకుండా, వారం రోజులుగా కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంది.

ఆమె వైరు పీకి కార్డుకి గుచ్చింది. సెకనుకి నూట నలభై బొమ్మలు. ఫ్యాన్లు రయ్యిమన్నాయి. నాన్న మళ్లీ చెయ్యి పెట్టి, "ఆఁ, ఇప్పుడు కాలుతోంది" అన్నాడు.

చంటికి ఎగరాలనిపించింది. స్క్రీను మూల చూసింది. ఆట అరవై ఒక్క శాతం. టైము ఐదూ నలభై.

ఐదూ యాభై ఐదుకి కెప్టెన్ ఫోను. "ఏమైంది బుల్లెట్టూ?"

"బాగైపోయింది! సూపర్‌గా ఉంది!"

"అయితే రా మరి, లాగిన్ అవ్వు."

"ఆట... దిగుతోంది."

"ఉన్న ఆట ఏమైందే?"

"డిలీట్ చేశా."

"సరేలే. పిల్లని దింపుతున్నా."

ఫోను పెట్టేశాక చూస్తే నాన్న కళ్లజోడు పెట్టుకుని, కొత్త చీటీ, పెన్నుతో నిలబడి ఉన్నాడు.

"తప్పు నాది కూడానే. మిషన్ మారినప్పుడు చీటీ మార్చాలి. ఏం రాయమంటావు?"

"కింద అడ్డంగా ఉన్నదాంట్లో అని రాయి."

రాశాడు. తారీఖు వేశాడు. "టైము కూడా వెయ్యనా?"

ఐదూ యాభై ఎనిమిది. అరవై ఏడు శాతం.

"వద్దు నాన్నా" అంది చంటి.